ఇద్దరు గురువులు ఉంటే ఒకరికి ద్రోహం చేసినట్టేనా?



"మా ఇంట్లో తాతల కాలం నుంచి ఒక గురుపీఠం ఉంది. నేనేమో సిటీలో ఉద్యోగం చేసుకుంటూ ఇంకో గురువుగారి ప్రవచనాలు వింటున్నాను. మనసుకి బాగా పడుతున్నాయి. కానీ ఇంట్లో చెప్పాలంటే భయం. ఇది గురుద్రోహం అవుతుందా?" ఈ కాలం పిల్లలతో కాసేపు కూర్చుంటే చాలు, మాట తిరిగి తిరిగి ఇక్కడికే వస్తుంది. అడిగే తీరు మారుతుంది గానీ లోపల ఉన్న గుబులు ఒకటే. ఒకరి దగ్గర దీపం వెలిగించుకున్నాక ఇంకొకరి దగ్గర నూనె పోయించుకోవచ్చా?

దీనికి "వినొచ్చు, ఏం ఫరవాలేదు" అని ఒక్క ముక్కలో చెప్పేయొచ్చు. "తప్పు, ఒక్కరినే పట్టుకో" అని కూడా ఒక్క ముక్కలో చెప్పేయొచ్చు. రెండు జవాబులూ సులువే. రెండూ సగం సగమే. అందుకని ఇవాళ ఈ ప్రశ్నని కొంచెం వేరే చోట పెట్టి చూద్దాం. గురువు మాట తప్పుగా అర్థమైతే ప్రాణం మీదకి వచ్చే చోటు ఒకటుంది. అదే విమానం నడపడం నేర్పే చోటు.

పక్షి లేచిన సీమ

హిందూపురం నుంచి లేపాక్షి ఎంతో దూరం లేదు, పదిహేను కిలోమీటర్లు. సీతమ్మని ఎత్తుకుపోతున్న రావణుడితో పోరాడి, రెక్కలు తెగి జటాయువు పడింది ఇక్కడేనని, రాముడు "లే పక్షీ" అన్నాడు కాబట్టే ఊరికి ఆ పేరు వచ్చిందని ఆ ప్రాంతం వాళ్ళ నమ్మకం. పదహారో శతాబ్దంలో విజయనగరం కాలంలో కట్టిన వీరభద్రస్వామి గుడి చూడటానికి వెళ్ళినవాళ్ళందరూ ఆ కథ విని వస్తారు.

ఆ సీమలోనే పెనుకొండకీ ధర్మవరానికీ మధ్య పుట్టపర్తిలో 1990 నుంచి ఒక విమానాశ్రయం ఉంది. ధర్మవరం, పెనుకొండ, హిందూపురం మీదుగా బెంగళూరు వెళ్ళే రైలెక్కితే యలహంక వస్తుంది. దాని పక్కనే జక్కూరు. అక్కడ కర్ణాటక ప్రభుత్వ ఫ్లయింగ్ ట్రైనింగ్ స్కూలు ఉంది. మగ్గాల చప్పుడు వింటూ, చింతపండు మార్కెట్ పక్కన పెరిగిన పిల్లలకి ఆకాశం మరీ అంత దూరంలో ఏమీ లేదన్నమాట. ఒక రైలు టికెట్టు దూరం. ఫీజులు మాత్రం లక్షల్లో ఉంటాయి, అది వేరే సంగతి.

మన దేశంలో కమర్షియల్ పైలట్ లైసెన్సు కావాలంటే 18 ఏళ్ళు నిండాలి, కనీసం 200 గంటలు ఎగరాలి. ఆ 200లో కనీసం 100 గంటలు విమానం బాధ్యత పూర్తిగా ఆ విద్యార్థిదే అయ్యుండాలి. ఈ లెక్క గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్ళీ దీని దగ్గరికి వద్దాం.

ఈ గంటలన్నీ ఒకే ఇన్‌స్ట్రక్టర్ దగ్గర పూర్తి చేసేవాళ్ళు తక్కువ. ఒకాయన సెలవు పెడతారు, ఒకావిడ ఎయిర్‌లైన్‌లో చేరిపోతారు. రాత్రి ఫ్లయింగ్ ఒకరు నేర్పితే, మేఘాల్లో పరికరాలు చూసి నడపడం ఇంకొకరు నేర్పుతారు. కాబట్టి ఆ విద్యలో "ఇద్దరు గురువులా?" అన్న ప్రశ్న శాస్త్రచర్చ ఏమీ కాదు. ఈ వారం ఎదురయ్యే సమస్య.

ముక్కా, ఇంజనా?

ఒక చిన్న ఉదాహరణ చూద్దాం. సెస్నా 172 లాంటి విమానంలో ముందు రెండు సీట్లకీ కంట్రోల్స్ ఉంటాయి. ఎడమ వైపు విద్యార్థి, కుడి వైపు ఇన్‌స్ట్రక్టర్. దిగడం నేర్పుతున్నారు. మొదటి మాస్టారు అంటారు: "చూడమ్మా, వేగం ముక్కుతో పట్టుకో. కిందికి దిగే తీరు ఇంజన్ పవర్‌తో పట్టుకో." అంటే వేగం తగ్గితే ముక్కు కాస్త దించు, మరీ కిందికి వచ్చేస్తుంటే పవర్ పెంచు. ఆ అమ్మాయి నెలరోజులు అదే మంత్రంలా అనుకుంటూ నేర్చుకుంది.

రెండో మాస్టారు వచ్చారు. ఆయన అంటారు: "అలా కాదు. ముక్కు రన్‌వే మీద దిగాల్సిన చోటుకి గురిపెట్టు. వేగం పవర్‌తో పట్టుకో." పూర్తిగా తలకిందులు! పాపం, ఆ పిల్ల ఏమైపోవాలి? "మొదటి సార్ తప్పు నేర్పారా? లేకపోతే ఈయనకి తెలీదా?"

ఇది కల్పించిన తగాదా కాదండి. ప్రపంచమంతా ఫ్లయింగ్ ఇన్‌స్ట్రక్టర్ల మధ్య ఎప్పటినుంచో నడుస్తున్న వాదన. తమాషా ఏమిటంటే ఇద్దరి దగ్గరా నేర్చుకున్నవాళ్ళూ చక్కగా దిగుతున్నారు. ఎందుకంటే విమానానికి ఉన్న శక్తి మొత్తం ఒకటే. అది కొంత ఎత్తుగా ఉంటుంది, కొంత వేగంగా ఉంటుంది. ఇంజన్ ఆ శక్తిని పెంచుతుంది, తగ్గిస్తుంది. ముక్కు దాన్ని ఎత్తుకి ఎంత, వేగానికి ఎంత అని పంచుతుంది. రెండు చేతులూ కలిసి పనిచేస్తేనే విమానం దిగుతుంది. ఒక మాస్టారు ఒక చేతి గురించి ముందు చెప్పారు, ఇంకొకరు రెండో చేతి గురించి ముందు చెప్పారు.

మరి మొదటి మాస్టారు అలా ఎందుకు మొదలుపెట్టారు? కొత్త విద్యార్థికి ఒక ప్రమాదకరమైన అలవాటు ఉంటుంది. కిందికి వచ్చేస్తున్నానని భయం వేయగానే ముక్కు పైకి లాగుతాడు. వేగం అప్పటికే తక్కువగా ఉంటే విమానం పైకి పోదు, ఇంకా కుంగుతుంది. మరీ లాగితే రెక్కలు గాలిని పట్టుకోలేవు. దాన్నే స్టాల్ అంటారు. నేలకి దగ్గర్లో స్టాల్ అయితే సర్దుకునే సమయం ఉండదు. ఆ ఒక్క భయానికి మందుగా "ముక్కు అంటే వేగం" అని ఆయన నూరిపోశారు. రెండో మాస్టారు పెద్ద విమానాల వైపు వెళ్ళబోయే పిల్లని చూస్తున్నారు. అక్కడ నిర్ణయించిన దారి వెంట కచ్చితంగా దిగాలి. అందుకే ఆయన మాట వేరు.

ఒకే వైద్యుడు జ్వరానికి ఒక మందు, జ్వరం తగ్గాక నీరసానికి ఇంకో మందు ఇస్తే మనం తగాదా పడం. ఇద్దరు గురువులు ఇచ్చేసరికి మాత్రం "ఎవరు కరెక్ట్?" అని పంచాయితీ పెడతాం. భక్తి చేసేవాళ్ళలో కూడా ఇదే. ఒకాయన "కర్మ చెయ్యి, ఫలం వదిలెయ్యి" అంటారు. ఇంకొకాయన "నువ్వు చేసేది ఏముంది, శరణాగతి చెయ్యి" అంటారు. మొదటి మాట బద్ధకస్తుడికి మందు. రెండో మాట అహంకారికి మందు. మనలో ఇద్దరూ ఉన్నారు. సోమవారం ఒకరు, మంగళవారం ఒకరు.

అయితే దీనర్థం ఎవరేం చెప్పినా సరే అని కాదు. ఇద్దరు మాస్టార్ల పైనా ఒక పుస్తకం ఉంది. ఆ విమానం తయారుచేసినవాళ్ళు ఇచ్చిన మాన్యువల్. సెస్నా 172ఎస్ మాన్యువల్‌లో ఫ్లాప్స్ పూర్తిగా దించి దిగేటప్పుడు 60 నుంచి 70 నాట్ల వేగం ఉండాలని ఉంటుంది. ఒక మాస్టారు 65 అంటే, ఇంకొకరు 62 అంటే, ఇద్దరూ పుస్తకం లోపలే ఉన్నారు. ఎవరైనా 45 అంటే మాత్రం ఆయన ఎంత పేరున్నవాడైనా వినకూడదు. మన పెద్దలు శ్రుతి, యుక్తి, అనుభవం అని మూడు చెప్పింది ఇందుకే. గురువు మాట శాస్త్రం గీసిన గీతల మధ్య ఉండాలి, బుద్ధికి నిలవాలి, చేసి చూస్తే పండాలి.

అదే ఇద్దరు గురువులు, రెండు కథలు

ఇప్పుడు రామాయణానికి వద్దాం. రాముడికి గురువులు ఎంతమంది? కులగురువు వశిష్ఠుడు. యాగరక్షణకి తీసుకెళ్ళి బల, అతిబల విద్యలు, దివ్యాస్త్రాలు ఇచ్చింది విశ్వామిత్రుడు. తర్వాత అరణ్యంలో అగస్త్యుడు ధనుస్సు, అమ్ములపొది ఇచ్చాడు. యుద్ధభూమిలో ఆదిత్యహృదయం చెప్పిందీ ఆయనే.

ఇందులో మొదటి ఇద్దరి సంగతి మనకి తెలుసు. వశిష్ఠ విశ్వామిత్రుల మధ్య ఒకప్పుడు ఎంత వైరం ఉందో! కామధేనువు దగ్గర మొదలై అస్త్రాల దాకా పోయింది. అలాంటిది విశ్వామిత్రుడు దశరథుడి సభకి వచ్చి "నీ కొడుకుని నాతో పంపు" అన్నప్పుడు దశరథుడు వణికిపోయాడు, పంపనన్నాడు. అప్పుడు రాజుకి నచ్చజెప్పింది ఎవరు? వశిష్ఠుడు. "ఆయన దగ్గర ఉన్న విద్య ఇంకెవరి దగ్గరా లేదు, పిల్లవాడి మేలుకే వచ్చాడు, పంపించు" అన్న అర్థంలో ధైర్యం చెప్పి పంపాడు.

ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి. తన శిష్యుణ్ణి, ఒకప్పటి ప్రత్యర్థి చేతిలో పెట్టడం! "నా దగ్గర లేనిది అతని దగ్గర ఉంది" అని నిండు సభలో ఒప్పుకోవడం! గురువు ఎంత పెద్దవాడో తెలియాలంటే ఆయన ఎంతమందిని తన దగ్గర ఉంచుకున్నాడో లెక్కపెట్టి లాభం లేదు. అవసరమైనప్పుడు ఎంత నిశ్చింతగా పంపగలిగాడో చూడాలి.

ఇక రెండో కథ. ఇందులోనూ అదే వశిష్ఠుడు, అదే విశ్వామిత్రుడు. శిష్యుడు మాత్రం వేరు. త్రిశంకు. ఆయన కోరిక కూడా ఎగరడమే, ఈ శరీరంతోనే స్వర్గానికి పోవాలని. వశిష్ఠుణ్ణి అడిగాడు. కుదరదన్నాడు. వశిష్ఠుడి కొడుకుల దగ్గరికి పోయి అడిగాడు. "మా నాన్నగారు కాదన్నది మేమెలా చేస్తాం?" అన్నారు. "అయితే ఇంకొకరి దగ్గరికి పోతా" అన్నాడు. వాళ్ళు శపించారు. అప్పుడు విశ్వామిత్రుడి దగ్గరికి వెళ్ళాడు. ఆయనకి అప్పటికి వశిష్ఠుడి మీద పంతం చల్లారలేదు. "నేను పంపిస్తా" అన్నాడు. పంపించాడు కూడా. పైనుంచి ఇంద్రుడు తోశాడు, కిందనుంచి విశ్వామిత్రుడు ఆపాడు. పాపం త్రిశంకు ఆకాశంలో తలకిందులుగా నిలబడిపోయాడు. ఇప్పటికీ ఎటూ తేలని స్థితిని మనం త్రిశంకు స్వర్గమే అంటాం.

గురువులు ఇద్దరే. ఒక శిష్యుడు అవతారకార్యం పూర్తి చేశాడు, ఒక శిష్యుడు మధ్యలో వేలాడాడు. తేడా గురువుల సంఖ్యలో లేదు కదా! రాముడు రెండో గురువు దగ్గరికి నేర్చుకోవడానికి వెళ్ళాడు, మొదటి గురువుకి తెలిసి వెళ్ళాడు. త్రిశంకు "అవును" అనే నోరు దొరికేదాకా తిరిగాడు. ఆయనకి కావలసింది గురువు కాదు, సంతకం. పైగా ఆ సంతకం పెట్టిన చేతికి కూడా అప్పట్లో శిష్యుడి మేలు కన్నా పాత పంతమే ఎక్కువైంది.

ఫ్లయింగ్ స్కూల్లోనూ ఈ ఇద్దరు శిష్యులూ ఉంటారు. "నీకు ఎదురుగాలి, పక్కగాలి ల్యాండింగ్ ఇంకా రాలేదు, సోలో వద్దు" అని ఒక మాస్టారు అంటే, ఒక విద్యార్థి "ఇంకో సార్‌తో కూడా ఒకసారి ఎగిరి చూస్తాను, ఆయన నాలో తప్పు ఎక్కడుందో చెబుతారేమో" అంటాడు. ఇంకో విద్యార్థి "ఆయన స్ట్రిక్టు, ఈయన ఈజీగా రిలీజ్ చేస్తారు" అని వెతుక్కుంటాడు. బయటికి ఇద్దరూ మాస్టారుని మార్చినట్టే కనిపిస్తుంది. గాలి మాత్రం వాళ్ళిద్దరినీ ఒకేలా చూడదు.

మనల్ని మనం అడగాల్సిన ప్రశ్న అదే. కొత్త గురువుగారి మాట ఎందుకు నచ్చింది? నాకు తెలియనిది చెప్పినందుకా, నేను ముందే అనుకున్నది చెప్పినందుకా? పాత గురువు "రోజూ తెల్లవారుజామున లేచి జపం చెయ్యి" అన్నారు. కొత్తాయన "ఎప్పుడైనా పరవాలేదు" అన్నారు. కొత్తాయన మాట నిజం కావచ్చు. కానీ మనం ఆయన వైపు వెళ్ళింది ఆ నిజం కోసమా, నిద్ర కోసమా? ఇది బయటివాళ్ళు ఎవరూ తేల్చలేరు.

ఒక్కరే అయితే ఏం పోతుంది?

"ఈ గోలంతా ఎందుకు, ఒక్కరినే పట్టుకుంటే సరిపోదా?" అనొచ్చు. చాలావరకు సరిపోతుంది. మొదటి అడుగుల్లో అదే మంచిది కూడా. కానీ ఒక చిక్కుంది. రోజూ పక్కన కూర్చునే మాస్టారుకి మన తప్పులు అలవాటైపోతాయి. మనం విమానం కొంచెం ఎడమకి లాగుతాం, ఆయన తెలియకుండానే కుడి కాలితో సరిచేస్తుంటారు. ఇద్దరికీ ఆ సంగతి తెలీదు. అందుకే సాధారణంగా మొదటి సోలోకి పంపే ముందు చీఫ్ ఇన్‌స్ట్రక్టరో, ఇంకో సీనియరో పక్కన కూర్చుని చూస్తారు. నేర్పిన గురువు మీద అనుమానంతో చేసే పని కాదది. ప్రేమకి కూడా కొన్ని కనపడవు కాబట్టి చేసే పని.

భాగవతంలో అవధూత యదు మహారాజుతో తనకి ఇరవై నలుగురు గురువులని చెబుతాడు. భూమి, గాలి, ఆకాశం, సముద్రం, తేనెటీగ, సాలెపురుగు, చిన్నపిల్లవాడు, పింగళ అనే వేశ్య కూడా అందులో ఉన్నారు. నోట్లో మాంసం ముక్కతో ఎగురుతున్న పక్షిని మిగతా పక్షులు తరిమితే, ఆ ముక్క వదిలేసి హాయిగా బతికిన పక్షి కూడా ఆయనకి గురువే. ఒక్క గురువు వల్లనే జ్ఞానం నిండుగా, గట్టిగా కుదురుకోదని కూడా ఆయన చెబుతాడు. అలాగని ఆయన ఇరవై నాలుగు చోట్ల తిరుగుతూ అయోమయంలో పడలేదు. ఒక్కొక్కరి దగ్గర ఒక్కటే తీసుకున్నాడు. భూమి దగ్గర ఓర్పు. కొండచిలువ దగ్గర దొరికినదానితో తృప్తి. ఏది ఎవరి దగ్గర తీసుకున్నాడో స్పష్టంగా చెప్పగలిగాడు. మనం గత నెల విన్న పది ప్రవచనాల్లో ఎవరి దగ్గర ఏం తీసుకున్నామో అలా చెప్పగలమా?

ఎక్కువమంది అయితే ఏం పోతుంది?

రెండో వైపు ప్రమాదం కూడా చిన్నదేమీ కాదు. నలుగురు మాస్టార్లు మారితే ఏం జరుగుతుంది? పక్కగాలిలో దిగడం ఆయన నేర్పి ఉంటారులే అని ఈయన, ఈయన నేర్పుతారులే అని ఆయన. చివరికి ఎవరూ నేర్పని ముక్క ఒకటి మిగిలిపోతుంది. అది బయటపడేది ఒక రోజు, గట్టి గాలిలో, ఒంటరిగా ఉన్నప్పుడు. అందుకే ప్రతి ఫ్లయిట్ తర్వాతా ఏం చేశారు, ఏది రాలేదు అన్నది రికార్డులో రాసుకుంటారు. కొత్త మాస్టారు ముందు అది చదువుతారు.

ఇక్కడ అబద్ధం చొరబడితే అంతే సంగతి. 2011లో మన దేశంలో నకిలీ మార్కుల షీట్లతో పైలట్ లైసెన్సులు తీసుకున్నవాళ్ళు బయటపడ్డారు. ఆ వ్యవహారం తెలిసింది ఎలాగో తెలుసా? ఒక విమానం దిగేటప్పుడు వెనక చక్రాలు ముందు తాకాల్సింది పోయి ముక్కు చక్రం ముందు తాకింది. ఎందుకిలా దిగుతున్నారని విచారణ మొదలైతే కాగితాల దాకా పోయింది. కర్ణుడి కథ గుర్తొస్తుంది కదా? బ్రహ్మాస్త్రం కోసం పరశురాముడి దగ్గర బ్రాహ్మణుణ్ణని చెప్పి చేరాడు. విద్య నిజమైనదే, గురువు గొప్పవాడే, శిష్యుడి కష్టమూ నిజమైనదే. మొదట్లో చెప్పిన ఒక్క అబద్ధం, కావలసిన క్షణంలో విద్యని మరిపించింది. కర్ణుడి కులం సంగతి చూసి ఆ కాలపు లోకం చేసిన అన్యాయం మీద మనకి కోపం రావచ్చు, రావాలి కూడా. అయినా దాచిపెట్టి నేర్చుకున్న విద్యకి పునాదిలో ఒక పగులు ఉంటుందన్న మాట కూడా అంతే నిజం.

ఇంకోటి. విమానంలో రెండు చోట్ల కంట్రోల్స్ ఉన్నాయని చెప్పుకున్నాం కదా. అందుకే అక్కడ ఒక గట్టి నియమం ఉంటుంది. చేతులు మారేటప్పుడు ఒకరు "కంట్రోల్ నీది" అంటారు, రెండోవాళ్ళు "కంట్రోల్ నాది" అని పైకి పలుకుతారు, మొదటివారు మళ్ళీ "నీదే" అని ఖాయం చేస్తారు. ఇద్దరూ ఒకేసారి నడిపినా ప్రమాదమే, ఇద్దరూ వదిలేసి అవతలివాళ్ళు పట్టుకున్నారనుకున్నా ప్రమాదమే. గురువులు ఇద్దరు ఉండొచ్చు. ఆ క్షణంలో నడిపే చెయ్యి మాత్రం ఒక్కటే ఉండాలి.

సాధనకీ ఇది అక్షరాలా వర్తిస్తుంది. ఉదయం ఒక గురువు చెప్పిన జపం, మధ్యాహ్నం రీల్‌లో చూసిన ఇంకో మంత్రం, రాత్రి ఫ్రెండ్ పంపిన బ్రీతింగ్ టెక్నిక్. ఏదీ నలభై రోజులు సాగదు. ఏదీ ఫలించలేదని మళ్ళీ అన్నిటి మీదా విసుగు. వినడానికి పదిమందిని వినండి, తప్పులేదు. చేయడానికి ఒకటి పట్టుకోండి. మార్చాలనుకుంటే "ఇప్పుడు ఇది ఆపి, అది మొదలుపెడుతున్నాను" అని మీకు మీరు పైకి చెప్పుకుని మరీ మార్చండి.

ధర్మవరం మగ్గం చెప్పే మాట

ధర్మవరం పట్టుచీర ఎలా నేస్తారో చూశారా? పొడవునా బిగించినది పడుగు. అడ్డంగా అటూ ఇటూ నడిచేది పేక. ఒంటికి ఒక రంగు, బుటాకి జరీ, పల్లూకి ఇంకో రంగు, పేక ఎన్నిసార్లైనా మారుతుంది. ఆ మార్పులోనే చీర అందం ఉంది. పడుగు మాత్రం చీర మధ్యలో మార్చరు. అది సడలితే పైన ఎంత జరీ పోసినా బట్ట నిలవదు.

మనకి దీక్ష ఇచ్చినవాళ్ళు, లేదా మొదటిసారి చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టి నేర్పినవాళ్ళు పడుగు లాంటివాళ్ళు. తర్వాత మన జీవితంలోకి వచ్చే ప్రవచనకర్తలు, పుస్తకాలు, క్షేత్రాల్లో కలిసే పెద్దలు, ఒక్కోసారి ఆటోలో పక్కన కూర్చుని ఒక్క మంచి మాట చెప్పి దిగిపోయే ముసలాయన, వీళ్ళంతా పేక. పేక వద్దంటే ఉత్త దారాలే మిగులుతాయి. పడుగు వద్దంటే అవీ మిగలవు.

మరి పడుగే మార్చాల్సి వస్తే? గురువు కాలం చేయవచ్చు, ఊరు మారవచ్చు, దారి నిజంగానే వేరు కావచ్చు. దానికీ మగ్గం దగ్గర పద్ధతి ఉంది. పాత పడుగు అయిపోతే పీకి పారేయరు. దాని చివర ఉన్న ఒక్కొక్క పోగుకీ కొత్త పడుగులోని ఒక్కొక్క పోగు అతుకుతారు. వేల పోగులు. కళ్ళు పోయేంత ఓపిక కావాలి. గురువు మారినా ఆయన నేర్పిన సంధ్యావందనమో, ఆయన అలవాటు చేసిన మాట మెత్తదనమో ఒక్కో పోగూ కొత్తదానికి కలుపుకుంటూ పోవాలి.

మన తెలుగు భారతమే దీనికి పెద్ద సాక్ష్యం. నన్నయ అరణ్యపర్వం మధ్యలో ఆగిపోయారు. తర్వాత తిక్కన విరాటపర్వం నుంచి చివరిదాకా రాశారు. మధ్యలో మిగిలిన ఆ ముక్కని ఎఱ్ఱన పూర్తిచేశారు. ఆ భాగాన్ని తన పేరు కోసం వాడుకోకుండా, నన్నయ రాస్తున్నట్టే రాజరాజనరేంద్రుడికే అంకితంగా నడిపించారు. ముందున్నవాళ్ళు వదిలిన చోటు నుంచి, వాళ్ళని తగ్గించకుండా అందుకోవడం అంటే అదీ. రెండో గురువు అయ్యేవాళ్ళకి అదే కొలత. "నీకు ముందు నేర్పినదంతా తప్పు, అంతా మర్చిపో" అని మొదటిరోజే అనేవాళ్ళ దగ్గర ఒక అడుగు వెనక్కి వేసి ఆలోచించండి. పాత గురువు గురించి కొత్త గురువు ఎలా మాట్లాడతారో, రేపు మన గురించి కూడా అలాగే మాట్లాడతారు.

గురువుగారే వద్దంటే?

ఇదే అన్నిటికన్నా కష్టమైన ప్రశ్న. "ఇంకెవరినీ వినకు" అని గురువు ఆజ్ఞాపిస్తే ఏం చేయాలి?

ముందు ఆ మాటలో రెండు రకాలున్నాయి, విడదీసి చూడండి. "ఇప్పుడే వద్దు, ఇది కుదిరేదాకా ఆగు" అన్నది ఒకటి. పది గంటలు కూడా ఎగరని పిల్లవాడికి నలుగురు మాస్టార్లు నాలుగు చెబితే పిచ్చెక్కుతుంది. ఆ మాట ప్రేమతో కట్టిన కంచె. మొక్క చెట్టయ్యాక ఆ కంచె ఆయనే తీసేస్తారు. దాన్ని పాటించడం మంచిది.

"ఎప్పటికీ వద్దు, నన్ను దాటి వెళ్తే నాశనమైపోతావు" అన్నది రెండోది. భయపెట్టి కట్టేసేది. ఇక్కడ మొహమాటం లేకుండా చెప్పుకోవాలి. శాస్త్రంతో సరిచూడనివ్వని, ఇంకొకరి కంట పడనివ్వని, ప్రశ్న అడిగితే ద్రోహం అనే చోట శిష్యుడు ఆగి చూసుకోవాలి. తన శిష్యుణ్ణి ఇంకో ఇన్‌స్ట్రక్టర్ చెక్ చేయడానికి ఒప్పుకోని మాస్టారు ఉన్నారనుకోండి, ఆ విమానంలో మీ చెల్లెల్ని ఎక్కిస్తారా? వశిష్ఠుడంతటివాడే పంపాడు కదా.

అలాంటి చోట నుంచి బయటికి రావడం ద్రోహం అవ్వదు. అయినా వచ్చే తీరు ఒకటుంది. నేర్పినదానికి నమస్కారం పెట్టి రావాలి. బయటికి వచ్చాక వీధిలో నిలబడి తిట్టడం మన పని కాదు. కానీ ఎవరికైనా అక్కడ నిజంగా హాని జరుగుతుంటే మౌనంగా ఉండటం గౌరవం అనిపించుకోదు. తోటి పైలట్ తాగి విమానం ఎక్కుతుంటే చూసీ చూడనట్టు పోవడం మర్యాద అవుతుందా?

మొదట్లో అడిగిన ప్రశ్నకి ఇప్పుడు జవాబు చెప్పుకోవచ్చు. ఇంకొకరి దగ్గర నేర్చుకోవడం ద్రోహం కాదు. దాచడంలో ద్రోహం ఉంది. నచ్చిన జవాబు కోసం గురువుల్ని వెతుక్కోవడంలో ఉంది. నేర్పిన చేతిని తక్కువ చేసి మాట్లాడటంలో ఉంది. అందుకే ఆ అమ్మాయికో అబ్బాయికో చెప్పేది ఒకటే. ఈ పండక్కి ఇంటికి వెళ్ళినప్పుడు అమ్మ దగ్గర కూర్చుని చెప్పేయండి. "అమ్మా, ఈయన మాటలు వింటున్నాను, ఇదిగో ఇది నేర్చుకున్నాను. మన పీఠంలో నేర్పినది వదల్లేదు" అని. అమ్మ కోప్పడవచ్చు, రెండు రోజులు అలగవచ్చు. కుదిరితే పక్కన కూర్చోబెట్టుకుని ఒక ప్రవచనం కలిసి వినండి. ఆవిడ మీలో కనపడని తప్పొకటి చెప్పినా చెబుతారు. అదీ చెక్ ఫ్లయిటే.

కుడి సీటు ఖాళీ అయ్యే రోజు

200 గంటల్లో కనీసం 100 గంటలు బాధ్యత విద్యార్థిదే అన్న లెక్క గుర్తుందా? ప్రతి పైలట్ జీవితంలో ఒక రోజు వస్తుంది. మాస్టారు విమానం ఆపించి, బెల్టు తీసుకుని, తలుపు తెరిచి దిగిపోతారు. "ఒక రౌండు వేసి రా" అంటారు. కుడి సీటు ఖాళీ. ఒక మనిషి బరువు తగ్గింది కాబట్టి విమానం మామూలు కన్నా చకచకా పైకి లేస్తుంది. ఆ క్షణంలో మొదటి సార్ మాటా, రెండో సార్ మాటా విడివిడిగా వినపడవు. రెండూ కలిసి చేతుల్లోకి దిగి ఉంటాయి. "ఆయన ఇలా చెప్పారు, అందుకే ఇలా చేశాను" అని గాలికి సంజాయిషీ చెప్పుకోలేం. ఎంతమంది గురువులున్నా దింపాల్సింది మనమే.

సంపాతి, జటాయువు చిన్నతనంలో పంతానికి సూర్యుడి దాకా ఎగిరారు. ఎండకి తమ్ముడు సొమ్మసిల్లితే అన్న తన రెక్కలు పైన కప్పి కాపాడాడు. తన రెక్కలు కాల్చుకున్నాడు. ఆ రోజు ఇంకొకరి రెక్కల కింద బతికిన జటాయువే, తర్వాత ఒక రోజు పక్కన ఎవరూ లేనప్పుడు, ఎవరూ చెప్పకుండానే, ముసలితనంలో రావణుడికి ఎదురు వెళ్ళాడు. గెలవలేనని తెలిసే వెళ్ళాడు. మనల్ని కాపాడిన రెక్కల రుణం తీరేది అలాగే. మన వంతు వచ్చినప్పుడు మన రెక్కలు విప్పాలి.

ఈసారి హిందూపురం వైపు వెళ్తే లేపాక్షిలో కాసేపు ఆగండి. ఎవరెవరి రెక్కల కింద మీరు ఇంతవాళ్ళయ్యారో ఒక్కొక్కరి పేరూ మనసులో తలుచుకుని ఒక నమస్కారం పెట్టండి. పేర్లు ఒకటి కన్నా ఎక్కువ వస్తే భయపడకండి. అది మీ అదృష్టం.

శుభం భూయాత్. వచ్చే వారం మళ్ళీ కలుద్దాం.